కోడికి ఎన్ని పనులు

మన గోడపత్రికలో "మా ఊరు" శీర్షికకి రాయమంటే అందరూ జాతర గురించో, చెరువు గురించో, గుడి గురించో రాస్తారు. మాది మత్తిగిరి. హోసూరు నుంచి డెంకణికోట పోయే బస్సెక్కితే పది పదిహేను నిమిషాల్లో దిగిపోవచ్చు. మా ఊరికి గుర్తు పశువుల ఫారం. 1824లో ఇంగ్లీషువాళ్ళు సైన్యానికి గుర్రాలు పెంచడానికి మొదలుపెట్టినారు. ఇప్పటికీ పదహారు వందల ఎకరాలకు పైన ఉంది. అందులోనే తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ కోళ్ళ పెంపకం కళాశాల కూడా ఉంది. నాలుగేళ్ళు కోళ్ళ గురించే చదివి బీటెక్ డిగ్రీ తీసుకుంటారు. నేను బీఏ తెలుగు చదువుతున్నానంటే "అది చదివి ఏం చేస్తావు" అని అడిగే మా వీధివాళ్ళు, కోళ్ళ బీటెక్ పిల్లల్ని మాత్రం ఆ మాట అడగరు. కాబట్టి మా ఊరి గురించి రాయాలంటే నేను కోళ్ళ గురించి రాయడమే న్యాయం.

కోడి అంటే నాకు మొదట మా అవ్వ కోళ్ళు. నాయన వైపు అవ్వ. మా ఇంట్లో నాయనా అవ్వా తెలుగు, అమ్మ తమిళం. నేను ఎవరితో మాట్లాడితే వాళ్ళ భాష. కోళ్ళ సంగతి మాత్రం తెలుగులోనే నడిచేది, ఎందుకంటే అవి అవ్వవి. ఆరేడు పెట్టలు, ఒక పుంజు. అంతకు మించి ఎప్పుడూ లేవు.

పోయిన సెలవుల్లో నేను ఒక పని చేసినాను. తెలుగు క్లాసులో మాండలికాల గురించి పాఠం జరిగింది కదా, అది మనసులో ఉండి, అవ్వ కోళ్ళ గురించి వాడే మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చున్నాను. అవ్వ నవ్వింది. "ఏమే పాపా, కోడికి ఏం పనుంటాది అనుకుంటివా? పొద్దున లేచింది మొదలు దానికి నీకన్నా ఎక్కువ పని" అనింది.

నిజమే. పొద్దున గూడు తలుపు తీయగానే రెక్కలు విదిలిస్తుంది. దిబ్బ మీదికి పోయి కాళ్ళతో గీరుతుంది, ఒక అడుగు వెనక్కి వేసి చూస్తుంది, పురుగో గింజో ఉంటే ఏరుకుంటుంది. ఎండెక్కాక గోడ నీడలో గుంత చేసుకుని దుమ్ములో పొర్లుతుంది. అవ్వ దాన్ని "మన్నుస్నానం" అంటుంది, ఈకల్లో ఉండే పేన్లు పోతాయంట. ముక్కుతో ఒక్కొక్క ఈక సర్దుకుంటుంది. గుడ్డుకి వచ్చిన పెట్ట అయితే పొద్దున్నుంచే తిక్కపట్టినట్టు తిరుగుతుంది. అటక చూస్తుంది, చాట వెనక చూస్తుంది, నా స్కూలు బ్యాగు మీద కూడా ఒకసారి కూర్చుని చూసింది. చివరికి ఎక్కడో చాటుగా, చీకటిగా ఉండే చోట గడ్డి సరిచేసుకుని పెడుతుంది. పెట్టినాక ఊరంతా వినేలా అరుస్తుంది. పన్నెండో పదిహేనో పెట్టినాక పొదుగుకి కూర్చుంటుంది, ఇరవై ఒక్క రోజులు. దగ్గరికి పోతే ఒళ్ళంతా ఉబ్బించి పొడుస్తుంది. పిల్లలు దిగినాక ఇంకో కత. గద్ద నీడ పడితే ఒక రకం కూత, గింజ దొరికితే ఇంకో రకం కూత. మునిమాపున ఎవరూ పిలవకుండానే గూటికి చేరుతుంది.

ఇవన్నీ క్రియాపదాలు. ముప్పై దాకా రాసుకున్నాను. ఏ డిక్షనరీలో వెతికినా ఇన్ని ఒకేచోట దొరకవు.

ఇప్పుడు రెండో కోళ్ళ సంగతి. అమ్మది నామక్కల్ వైపు. నామక్కల్ పేరు తెలియనివాళ్ళు కూడా నామక్కల్ గుడ్డు తిని ఉంటారు. 1997 దాకా అది సేలం జిల్లాలో ఉండేది. మన హోసూరు కూడా 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడేదాకా సేలం జిల్లాలోనే ఉండింది. అంటే ఒకప్పుడు మా అమ్మదీ నాయనదీ ఒకే జిల్లా. దేశంలో గుడ్లు ఎక్కువ ఉత్పత్తి చేసేది ఆంధ్రప్రదేశ్, తరవాత తమిళనాడు, తరవాత తెలంగాణ. తమిళనాడు గుడ్లంటే చాలావరకు నామక్కల్ గుడ్లే. అక్కడ మా మామకి, అమ్మ తమ్ముడికి, లేయర్ షెడ్లు ఉన్నాయి. ఇరవై వేల కోళ్ళు. నామక్కల్ లెక్కలో అది చిన్న ఫారం. లక్షల్లో ఉన్నవాళ్ళు ఉన్నారు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నా కాలేజీ ఫీజులో సగం మామే కడతాడు. అంటే ఆ కోళ్ళు కడతాయి. కాబట్టి నేను ఈ విషయం మీద రాసేదాన్ని తూకం వేసి చదవండి. ఇటు మొగ్గినా అటు మొగ్గినా కారణం ఉంటుంది.

షెడ్డు ఎట్లుంటుందో చూడనివాళ్ళకి చెప్పాలి. ఏడెనిమిది అడుగుల ఎత్తు స్తంభాల మీద పొడవాటి షెడ్డు. రెండు వైపులా గోడలు లేవు, గాలికి తెరిచి ఉంటుంది. లోపల మెట్లు మెట్లుగా మూడు వరసల ఇనప తీగల కేజులు. తెలుగులో దీన్ని కూడా "గూడు" అనే అంటారు కొందరు. నాకు ఆ మాట వాడాలనిపించదు. గూడు అంటే మునిమాపున తనంతట తాను వచ్చి చేరేది. కేజ్ కింది తీగలు ముందుకి వాలుగా ఉంటాయి, గుడ్డు పెట్టగానే దొర్లుకుంటూ బయటికి వచ్చి ముందున్న అంచులో ఆగుతుంది. దాని పైన మేత తొట్టి. నీళ్ళకి చిన్న నిప్పుల్, ముక్కుతో పొడిస్తే బొట్టు వస్తుంది. రెట్ట తీగల సందుల్లోంచి కింద పడి నెలల తరబడి పేరుకుంటుంది. తరవాత ఎరువుకి అమ్ముతారు. పొద్దు కుంకినాక కూడా లైట్లు వేస్తారు, రోజుకి పదహారు గంటల వెలుతురు ఉంటేనే గుడ్డు ఆగకుండా వస్తుంది. వాసన కళ్ళలోకి వస్తుంది. మొదటి అయిదు నిమిషాలే, తరవాత అలవాటైపోతుంది. అలవాటు కావడమే నాకు కొంచెం భయం వేసింది.

నేను టేపు పట్టుకుని ఒక కేజ్ కొలిచినాను. వెడల్పు 18 అంగుళాలు, లోతు 15. అందులో నాలుగు కోళ్ళు. ఒక్కొక్క కోడికి వచ్చే చోటు 435 చదరపు సెంటీమీటర్లు. ఈ లెక్క వింటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, నాకూ కాలేదు. కాబట్టి ఇట్లా చేయండి. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ కాగితం ఏ4 సైజు. దీన్ని అడుగు నుంచి 9 సెంటీమీటర్లు పైకి మడిచినట్టు అనుకోండి. మిగిలిన చదరమే ఒక కోడిది. పద్దెనిమిదో వారం నుంచి డెబ్భై రెండో వారం దాకా, ఒక్కోసారి ఎనభై దాకా, అది అక్కడే. (కాగితాన్ని నిజంగా మడవకండి, మా ఎడిటర్ అక్క నన్ను తిడుతుంది.)

1989లో ఇంగ్లండులో డాకిన్స్, హార్డీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కోళ్ళని పైనుంచి ఫోటోలు తీసి, ఏ పనికి ఎంత చోటు పడుతుందో కొలిచినారు. ఊరికే నిలబడడానికి సగటున 475 చదరపు సెంటీమీటర్లు. వెనక్కి తిరగడానికి 1,272. రెక్కలు విదల్చడానికి 1,876. వాళ్ళు కొలిచినవి మన తెల్ల లేయర్ కన్నా కొంచెం పెద్ద జాతి కోళ్ళు, అది తీసేసుకుని చూసినా సంగతి మారదు. నేను కొలిచిన కేజ్ మొత్తం 1,742. అంటే మిగిలిన మూడింటినీ తీసేసి ఒక్కదాన్నే పెట్టినా ఆ లెక్క ప్రకారం రెక్కలు పూర్తిగా విదల్చలేదు. నలుగురు కలిసి ఉన్నప్పుడు ఒకటి తిరగాలంటే మిగిలినవి ఒత్తుకోవాలి. అందుకే వాటి మెడ మీద ఈకలు ఉండవు, తీగకి రాసుకుని రాసుకుని ఎర్రగా అయి ఉంటాయి. గోళ్ళు అరిగే నేల లేక పొడుగ్గా పెరిగి తీగని చుట్టుకుని ఉంటాయి.

అక్కడ నిలబడి నా నోటుబుక్కులో క్రియాపదాలు ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయినాను. గీరడం లేదు, నేల లేదు కాబట్టి. పొర్లడం లేదు. చాటు వెతకడం లేదు. పొదగడం లేదు, ఆ గుణాన్ని జాతిలోంచే తీసేసినారు. గూటికి చేరడం లేదు. చివరికి మిగిలినవి తినడం, తాగడం, పెట్టడం, అరవడం. ఇంకోటి, ముందుకి తల పెట్టి చూడడం. నేను నడుస్తుంటే వరస పొడవునా తలలు నాతో పాటు తిరిగినాయి.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: చేయలేని పని కోడికి గుర్తుంటుందా, దానికి బాధ ఉంటుందా అని. మామ కూడా అదే అడిగినాడు. కేజ్‌లో కోడి గుడ్డు పెట్టే ముందు ఏం చేస్తుందో అతనికి నాకన్నా బాగా తెలుసు. ముందుకీ వెనక్కీ కదులుతుంది, పక్కవాటి కిందికి తల దూర్చడానికి చూస్తుంది, తీగ మీద కూర్చుని లేని గడ్డిని సరిచేస్తుంది. పుట్టినప్పటి నుంచి గడ్డి చూడని కోడి కూడా చేస్తుంది. ఆ పని దానికి ఎవరూ నేర్పలేదు, కాబట్టి మరిచిపోయే మాట లేదు.

ఇంగ్లండులో 1964లో రూత్ హారిసన్ అనే ఆవిడ ఇట్లాంటి ఫారాల గురించి పుస్తకం రాస్తే గోల లేచి, ప్రభుత్వం ప్రొఫెసర్ బ్రాంబెల్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1965లో ఆ కమిటీ చెప్పింది చాలా చిన్న కోరిక: పశువైనా కోడైనా నిలబడగలగాలి, పడుకోగలగాలి, తిరగగలగాలి, ఒళ్ళు సవరించుకోగలగాలి, కాళ్ళూ రెక్కలూ చాపగలగాలి. అవి కూడా క్రియాపదాలే. అయిదంటే అయిదు. యూరప్ దేశాలు ఈ వట్టి కేజులని ఆపేయడానికి 1999లో చట్టం చేసుకుని, పన్నెండేళ్ళకి పైగా గడువిచ్చి, 2012 జనవరి 1 నుంచి అమలు చేసినాయి.

కేజ్ ఒకటే కాదు. పిల్లలకి పదో రోజు ప్రాంతంలో ముక్కు కొన కాలే బ్లేడుతో కోస్తారు, పెరిగినాక మళ్ళీ ఒకసారి. ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకుని చంపుకోకుండా. ముక్కంటే మన గోరు మాదిరి కాదు, లోపల నరాలు ఉంటాయి. ఇక మగపిల్లల సంగతి. లేయర్ జాతిలో పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికి కండ పట్టదు. అందుకని హేచరీలోనే పుట్టిన రోజే వేరుచేసి చంపేస్తారు. సగం పిల్లలు! ఆడపిల్ల అని తెలిస్తే బతకనివ్వని ఊళ్ళ గురించి మనం వ్యాసరచన పోటీల్లో రాసినాం. ఇది దాని తలకిందులు. సేలం, ధర్మపురి వైపు నుంచి వచ్చిన మనకి ఈ పోలిక ఊరికే తోచదు.

గుడ్డు పెంకు కూడా ఊరికే రాదు. ఒక్క పెంకుకి రెండు గ్రాముల కాల్షియం కావాలి. కోడి ఒంట్లో ఎముకలన్నీ కలిపితే ఇరవై గ్రాములు ఉంటుందేమో. రోజూ అందులో పదో వంతు బయటికి పోతూ ఉంటుంది, మేతలోంచి మళ్ళీ చేరుతూ ఉంటుంది. అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడుతుంది, మా అవ్వ నాటుకోడి యాభై అరవై, ఇది మూడు వందలకి పైన. మేత ఎంత మంచిదైనా కదలిక లేని ఎముక గుల్లబారుతుంది. ముసలి లేయర్లని బండికి ఎక్కించేటప్పుడు కాళ్ళు పట్టి లాగితే పట్‌మని చప్పుడు వస్తుంది. అది వినాలని నేను పోలేదు, కానీ విన్నాను.

గుడ్లు ఏరేది ఆడవాళ్ళే. మామ షెడ్లలో ఇద్దరు అక్కలు ఒడిశా నుంచి వచ్చి ఉన్నారు. ముప్పై గుడ్ల అట్టలు పేర్చి మోస్తారు. వాళ్ళుండే గది కూడా నేను చూసినాను. దాన్ని కొలవలేదు. కోళ్ళ గురించి రాస్తూ మనుషుల్ని వదిలేసినట్టు అవుతుందని ఈ వాక్యం రాస్తున్నాను. దాని గురించి వేరే వ్యాసం కావాలి.

మామ దుర్మార్గుడు కాడు. ఈ మాట చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టే. ఎండాకాలం మధ్యాహ్నాల్లో షెడ్డు మీద నీళ్ళు చల్లిస్తాడు, ఇంటి మీద కాదు. రాత్రి కరెంటు పోతే ముందు లేచేది అతనే. అతని ఫోనుకి రోజూ ఒక మెసేజ్ వస్తుంది, నామక్కల్ రేటు. దాని మీదే అతని మొహం ఆధారపడి ఉంటుంది. ఇరవై వేల కోళ్ళు రోజుకి పద్దెనిమిది వేల గుడ్లు పెడితే, గుడ్డుకి పది పైసలు తగ్గినా ఒక్క రోజులో 1,800 రూపాయలు పోయినట్టు. ఖర్చులో ముక్కాలు భాగం దగ్గర దగ్గరగా మేతకే పోతుంది, మక్కజొన్న, సోయా. ఆ ధరలు అతని చేతిలో లేవు. "నాకు కూడా కేజే పాప్పా, నాది కొంచెం పెద్దది, అంతే" అన్నాడు తమిళంలో. నాకు నవ్వు రాలేదు.

ఆ రేటు వెనక ఒక తెలుగాయన కథ ఉంది, మన డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలిసినట్టు లేదు. 1971లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టిన బండ వాసుదేవరావు. అందరూ బి.వి. రావు అంటారు. అప్పట్లో గుడ్డు ధర దళారులు చెప్పిందే. రైతు పెట్టుబడి కూడా రాక ఫారాలు మూసేసుకునేవాడు. ఒక్క రైతు "నేను ఈ ధరకి అమ్మను" అంటే దళారి పక్క ఫారానికి పోతాడు, ఇతని గుడ్లు కుళ్ళిపోతాయి. ఆయన ఊరూరా తిరిగి రైతుల్ని కూడగట్టి 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ పెట్టించినాడు. నా గుడ్డు, నా ధర, నా జీవితం అనేది వాళ్ళ నినాదం. అప్పటి నుంచి రైతులే రోజూ ధర ప్రకటిస్తున్నారు. మామకి ఆయనంటే దేవుడు. నాకూ ఆ కథ నచ్చింది. కానీ షెడ్డులో నిలబడి ఆ నినాదం తలుచుకుంటే, ఆ మాట అనాల్సింది ఎవరా అని ఒక అనుమానం వస్తుంది.

చట్టం లేదా అంటే ఉంది. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 11వ సెక్షన్. ఒక జంతువుని కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో పెట్టడం నేరం అని రాసి ఉంది. "తగినంత" అనే మాట దగ్గర చాలా ఏళ్ళు అంతా ఆగిపోయింది. 2017 జులైలో లా కమిషన్, జస్టిస్ బి.ఎస్. చౌహాన్ అధ్యక్షతన, గుడ్ల కోళ్ళ మీదా మాంసం కోళ్ళ మీదా 269వ నివేదిక ఇచ్చింది, నియమాల ముసాయిదా కూడా రాసిచ్చింది. 2019లో కేంద్రం తయారుచేసిన ఇంకో ముసాయిదాలో కోడికి 550 చదరపు సెంటీమీటర్లు అన్నారు. యూరప్ వదిలేసిన కేజులో ఉండిన చోటు కూడా అంతే. అయినా 435 కన్నా ఎక్కువే.

నాటుకోడే మేలు, అందరూ మా అవ్వ మాదిరి పెంచుకోవాలి అని రాసేస్తే ఈ వ్యాసం ఇక్కడే అయిపోయేది. అట్లా రాయలేను. అవ్వ పెట్టలు పదిహేను పిల్లల్ని దింపితే అయిదు మిగిలితే గొప్ప. గద్ద, ముంగిస, వీధికుక్క. కొక్కెర తెగులు వచ్చిన ఏడాది రెండు రోజుల్లో గూడు ఖాళీ అయింది, అవ్వ మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేల మీద వేల కోళ్ళని కలిపి వదిలినా చిక్కులుంటాయి, ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి, పొడుచుకుంటాయి. పైగా ఆరు పెట్టలతో ఊరికి గుడ్లు రావు.

ఊరికి గుడ్లు రావాలి. ఇది నాకు పుస్తకాల మాట కాదు. మత్తిగిరి సర్కారు బడిలో మధ్యాహ్నం అన్నంలో నేను గుడ్డు తిన్నాను. 1982లో ఎంజీఆర్ మొదలుపెట్టిన భోజనంలోకి 1989లో కరుణానిధి రెండు వారాలకి ఒక గుడ్డు చేర్చినాడు, పెరుగుతూ పెరుగుతూ మా కాలానికి బడి ఉన్న ప్రతి రోజూ గుడ్డే. నా పక్కన కూర్చునే పిల్ల తన గుడ్డుని సగం తిని సగం లంగా కొంగులో దాచి తమ్ముడికి తీసుకుపోయేది. ఆ గుడ్డు అయిదారు రూపాయలకి దొరికిందంటే దాని వెనక ఆ మడిచిన కాగితమంత చోటు ఉంది. కోడి పక్షాన మాట్లాడేవాళ్ళు ఆ పిల్ల ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. బెంగళూరు సూపర్ మార్కెట్‌లో "కేజ్ ఫ్రీ" అని రాసి రెండింతల ధరకి అమ్మే గుడ్డు ఆ పిల్లకి రాదు. ఆ డబ్బా కొనుక్కుని మనసు శుభ్రం చేసుకునే పద్ధతి నాకు నచ్చదు, అది కోడికి తప్ప అందరికీ బాగుంటుంది.

మా ఇంట్లో ఈ విషయం మీద పెద్ద రభసే జరిగింది. అమ్మ అంది, తమిళంలో, "కోళ్ళు కష్టపడుతున్నాయంటావు, నా తమ్ముడు కష్టపడలేదా? నీ ఫీజు ఎక్కడిది?" నాయన ఎప్పటి మాదిరి పేపర్లో తల దూర్చినాడు. అవ్వ ఒక్కతే అడిగింది, "వాటికి సాయంత్రం ఎప్పుడైందో తెలుస్తుందామే?" అని. లైట్లు కదా, తెలియదు అవ్వా అన్నాను. "పాపం" అని లేచి కోళ్ళని కప్పెట్టడానికి పోయింది.

తరవాత నేనూ మామా కాగితం పెన్ను పెట్టుకుని కూర్చున్నాం. నేను అడిగింది ఒకటే. కేజులు తీసేయమని కాదు. ప్రతి కేజ్‌లోంచి ఒక్క కోడిని తీసేస్తే? నాలుగుకి బదులు మూడు. అప్పుడు కోడికి 580 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. ఇరవై వేలు పదిహేను వేలు అవుతాయి. మేత ఖర్చు కోళ్ళతో పాటే తగ్గుతుంది. షెడ్డు, కరెంటు, కూలీ, బ్యాంకు వడ్డీ తగ్గవు, అవి తక్కువ గుడ్ల మీద పడతాయి. మామ పెదవులు కదుపుతూ లెక్క వేసి, గుడ్డుకి నలభై పైసలు దాకా ఎక్కువ పడుతుంది అన్నాడు. వారానికి అయిదు గుడ్లు తినే బడిపిల్ల మీద రెండు రూపాయలు. ఆ రెండు రూపాయలు పిల్ల కట్టదు, ప్రభుత్వం కడుతుంది, కట్టగలదు.

"నువ్వు చెప్పేది సరే, నేనొక్కణ్ణే చేస్తే నలభై పైసలు నాకెవరిస్తారు? రేటు అందరికీ ఒకటే కదా" అన్నాడు. అది కూడా నిజం. మంచి రైతు ఒక్కడే మంచిగా ఉంటే వాడు మునిగిపోతాడు. అయితే 1982కి ముందు గుడ్డు ధర సంగతి కూడా అచ్చంగా ఇదే కదా మామా, ఒక్కడు గట్టిగా నిలబడితే నష్టం, అందరూ నిలబడితే రేటే మారింది కదా అన్నాను. మామ చాలాసేపు ఏమీ అనలేదు. ఫోను తీసి ఆ రోజు రేటు మళ్ళీ చూసుకున్నాడు. నా ఉద్దేశం ఏమంటే, ఇది ఒక రైతు దయ మీదో, ఒక కొనేవాడి మనసు మీదో వదిలే విషయం కాదు. "తగినంత" అనే మాటకి ఒక అంకె, దానికి ఒక గడువు ఉండాలి, అది అందరికీ ఒకేసారి అమలు కావాలి. 550 అయినా సరే, మొదట. అది కోడికి రెక్కలు ఇవ్వదు. తిరగడానికి మాత్రం కొంచెం వీలవుతుంది.

మామ చివరికి ఒప్పుకున్నది చిన్నది. కొత్త బ్యాచ్ కేజుల్లోకి ఎక్కేటప్పుడు ఒక వరసలో నూరు కేజులు మూడేసి కోళ్ళతో, దాని ఎదురు వరసలో నూరు కేజులు నాలుగేసి కోళ్ళతో వేస్తాడంట. మేత ఎంత తిన్నాయి, గుడ్లు ఎన్ని, పగిలినవి ఎన్ని, చచ్చినవి ఎన్ని, రెండు వరసలకీ వేరేవేరేగా రాయాలి. గుడ్లు ఏరే అక్కలకి ఆ పని అదనం కాబట్టి దానికి కూలి వేరే ఇవ్వాలని నేను పట్టుబట్టినాను, ఆ డబ్బు నా ఫీజులో తగ్గించుకుంటానని మామ ఎగతాళి చేసినాడు. క్రియాపదాల నోటుబుక్కులో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద ఇప్పటికే గళ్ళు గీసి పెట్టుకున్నాను.